డబ్బాపాల చుట్టూ తిరిగే ఏడు తప్పుడు సలహాలు

పురిటి బిడ్డను చూడ్డానికి వచ్చినవాళ్లలో సలహా చెప్పకుండా వెళ్లేవాళ్లు అరుదు. తల్లికి పాలు చాలకో, ఒంట్లో బాగోలేకో, నెలలు నిండకుండా కాన్పు అవడం వల్లో బిడ్డకు డబ్బాపాలు పట్టాల్సి వస్తే ఆ సలహాలు ఇంకా ఎక్కువవుతాయి. చెప్పేవాళ్లది ప్రేమే. కానీ ఈ పొడిలోకి క్రిమి ఎలా చేరుతుందో, ఫ్యాక్టరీ పరీక్ష దాన్ని ఎంతవరకు పట్టుకోగలదో తెలియకుండా చెప్పిన మాట బిడ్డ ప్రాణం మీదికి తేగలదు. తరచూ వినబడే ఏడు సలహాలను, వాటికి బదులు చేయాల్సిన పనులను ఇక్కడ చెబుతున్నాను.

1. "సీలు తియ్యని డబ్బా. లోపల ఒక్క క్రిమి కూడా ఉండదు."

పాలపొడి క్రిమిరహితం కాదు. పాలను పాశ్చరైజ్ చేసి, స్ప్రే డ్రయ్యర్‌లో వేడిగాలితో పొడి చేస్తారు. విటమిన్ల వంటివి కొన్ని ఆ తర్వాత పొడిగానే కలుపుతారు. ఆపైన మళ్లీ వేడి చేయడమంటూ ఉండదు. కాబట్టి కలిపేచోటో, డబ్బాలకు ఎత్తేచోటో క్రిమి చేరితే అలాగే ఉండిపోతుంది. ముఖ్యంగా భయపడాల్సినవి సాల్మొనెల్లా, క్రోనోబ్యాక్టర్. క్రోనోబ్యాక్టర్ పొడిలో పెరగదు గానీ, నెలల తరబడి చావకుండా ఉంటుంది. తడి, వెచ్చదనం దొరికితే పెరుగుతుంది. దీనివల్ల వచ్చే జబ్బు అరుదే. అయితే రెండు నెలల లోపు పిల్లల్లో, నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో రక్తానికో మెదడు పొరలకో సోకితే ప్రాణాలు తీయగలదు. బతికినవాళ్లలోనూ కొందరికి మెదడు దెబ్బతింటుంది.

2. "ల్యాబ్‌లో పాసయ్యాకే బజారుకొచ్చింది. ఇంకేం దిగులు?"

అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు రూపొందించే కోడెక్స్ 2008లో పెట్టిన నియమావళి ప్రకారం, క్రోనోబ్యాక్టర్ కోసం 10 గ్రాముల చొప్పున 30 నమూనాలు, సాల్మొనెల్లా కోసం 25 గ్రాముల చొప్పున 60 నమూనాలు పరీక్షించాలి. ఒక్కదాంట్లో కనబడినా ఆ బ్యాచ్ పనికిరాదు. కఠినమైన నియమమే. కానీ 30 నమూనాలు కలిపితే 300 గ్రాములే, బ్యాచ్ చూస్తే టన్నుల్లో ఉంటుంది. పొడినంతా పదేసి గ్రాముల భాగాలు చేస్తే నూటికి ఒక భాగంలో క్రిమి ఉందనుకుందాం. అప్పుడు కూడా 30 నమూనాలూ శుభ్రంగా తేలే అవకాశం నూటికి 74. పైగా క్రిములు పొడంతా సమంగా పరుచుకోవు, అక్కడక్కడ గుంపులుగా ఉంటాయి. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూసి చెప్పే పద్ధతి ఇక్కడ చెల్లదు. అందుకే మంచి ఫ్యాక్టరీ పొడిని పరీక్షించి ఊరుకోదు. గచ్చును, తూములను, యంత్రాల చుట్టుపక్కలను తుడిచి ఆ నమూనాలనూ పరీక్షిస్తుంది. పొడి ఉండేచోట నీటిచుక్క పడనివ్వదు.

ఇంకో సంగతి, పరీక్షకు దేన్ని వెతకమంటే అదే దొరుకుతుంది. చైనాలో పాలల్లో నీళ్లు కలిపి, ఆ లోటు బయటపడకుండా మెలమైన్ అనే రసాయనం కలిపారు. ప్రోటీన్ కోసం వాడే మామూలు పరీక్ష నత్రజనిని కొలిచి, దాన్నిబట్టి ప్రోటీన్ లెక్క కడుతుంది. మెలమైన్ బరువులో మూడింట రెండు వంతులు నత్రజనే. పాలు పరీక్ష నెగ్గాయి, పసివాళ్ల మూత్రపిండాల్లో రాళ్లు పడ్డాయి. 2008లో సాన్లు కంపెనీ పాలపొడితో ఈ దారుణం బయటపడింది. దాదాపు 3 లక్షల మంది పిల్లలు జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారు.

పరీక్షలు తప్పకుండా జరగాలి. వాటివల్ల ప్రమాదం తగ్గుతుంది, పూర్తిగా పోదు. మిగిలిన ఆ కాస్త ప్రమాదాన్ని అడ్డుకోవాల్సింది మన వంటింట్లోనే.

3. "ఫారిన్ సరుకు కొనండి. ఖరీదైనదైతే భయం లేదు."

జపాన్‌లో 1955లో పేరున్న మోరినాగా కంపెనీ పాలపొడిలో ఆర్సెనిక్ కలిసి 12 వేల మందికి పైగా పిల్లలు విషం బారిన పడ్డారు, వందమందికి పైగా మరణించారు. ఫ్రాన్స్‌లో 2017లో లాక్టాలిస్ కంపెనీ క్రాన్ ఫ్యాక్టరీలో తయారైన పాలపొడి వల్ల పిల్లలకు సాల్మొనెల్లా సోకింది. 83 దేశాల నుంచి కోటీ 20 లక్షల డబ్బాలు వెనక్కి పిలిపించారు. 2005లో అదే ఫ్యాక్టరీ సరుకుతో పిల్లలకు సోకిన రకమే మళ్లీ తలెత్తింది. అమెరికాలో 2022 ఫిబ్రవరిలో అబాట్ కంపెనీ మిషిగన్ రాష్ట్రంలోని స్టర్జిస్‌లో తయారుచేసిన పాలపొడిని వెనక్కి తీసుకుంది. ఆ ఫ్యాక్టరీ లోపల తీసిన నమూనాల్లో క్రోనోబ్యాక్టర్ దొరికింది. జబ్బుపడ్డ పిల్లల దగ్గర దొరికిన రకంతో అది సరిపోలలేదు, తమ పొడివల్లే జబ్బు వచ్చిందనడానికి రుజువు లేదని కంపెనీ వాదించింది. కానీ అక్కడి డ్రయ్యర్లలో పగుళ్లు ఉన్నట్టు తనిఖీ అధికారులు రాసిపెట్టారు.

ధర చూసి భద్రతను అంచనా వేయకండి. కొన్న ప్రతి డబ్బా అడుగున ఉండే బ్యాచ్ నంబరును ఫోన్లో ఫొటో తీసి ఉంచుకోండి. పొడిని వేరే సీసాలోకి మార్చినా ఆ నంబరు పోగొట్టుకోకండి. సరుకు వెనక్కి పిలిచినప్పుడు మీ బిడ్డ తాగుతున్నది అదేనో కాదో తేల్చేది ఆ నంబరే.

4. "వేడినీళ్లు పోస్తే విటమిన్లు పోతాయి. గోరువెచ్చని నీళ్లతో కలపండి."

వీటన్నిటిలోకీ ప్రమాదకరమైన సలహా ఇదే. గోరువెచ్చని నీళ్లకు క్రిమి చావదు, పైగా పెరగడానికి అనువు దొరుకుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నీళ్లు 70 డిగ్రీలకు తగ్గకూడదు. కొద్ది నీళ్లయితే తొందరగా చల్లారతాయి కాబట్టి లీటరు నీళ్లు మరగబెట్టండి. దించాక అరగంట దాటనివ్వకండి. మరగబెట్టి శుభ్రం చేసిన సీసాలో ముందు నీళ్లు కొలిచి పోసి, ఆ తర్వాత పొడి వేయండి. బాగా కలిపి, మూత బిగించి, సీసాను చన్నీళ్ల ధార కింద చల్లార్చండి. మణికట్టు మీద చుక్క వేసి చూసుకున్నాకే పట్టండి. బాటిల్ నీళ్లైనా మరగబెట్టాల్సిందే.

కొన్ని డబ్బాల మీద గోరువెచ్చని నీళ్లతోనే కలపమని రాసి ఉంటుంది. బిడ్డకు రెండు నెలలు నిండకపోయినా, నెలలు నిండకుండా పుట్టినా, పిల్లల డాక్టరును ముందే అడగండి. అలాంటి పిల్లలకు క్రిమిరహితం చేసి అమ్మే ద్రవరూపంలోని పాలు దొరికితే అవే మేలు.

5. "రాత్రికి కావలసినవి ఒకేసారి కలిపి ఫ్లాస్కులో పెట్టుకోండి."

నిద్రలేని తల్లికి ఈ మాట వరంలా వినిపిస్తుంది. కానీ ఫ్లాస్కులోని గోరువెచ్చని పాలల్లో క్రిములు గంటగంటకూ పెరుగుతాయి. ఫ్లాస్కులో మరిగిన నీళ్లు మాత్రమే పోయండి, పొడిని శుభ్రమైన పొడి గిన్నెలో కొలిచి పెట్టుకోండి, బిడ్డ లేచినప్పుడు కలపండి. ఆ నీళ్లు కూడా 70 డిగ్రీలకు తగ్గకూడదు. కలిపిన పాలు రెండు గంటల్లో పట్టేయాలి. ముందే కలపక తప్పకపోతే వెంటనే చల్లార్చి, 5 డిగ్రీలు దాటని ఫ్రిజ్‌లో ఒక్కరోజు లోపే వాడాలి. బిడ్డ తాగగా మిగిలినవి పారబోయండి.

6. "పొడి దొరకనప్పుడు నీళ్లు ఎక్కువ పోసి సర్దండి, లేదా ఇంట్లోనే తయారుచేయండి."

అబాట్ ఫ్యాక్టరీ మూతపడ్డాక అమెరికాలో పాలపొడికి కటకట ఏర్పడి, సైనిక విమానాల్లో విదేశాల నుంచి తెప్పించాల్సి వచ్చింది. అక్కడున్న మన కుటుంబాలూ అంగళ్ల చుట్టూ తిరిగాయి. అలాంటప్పుడే ఇలాంటి సలహాలు పుట్టుకొస్తాయి. పలచన చేస్తే బిడ్డకు పోషణ చాలదు, రక్తంలో ఉప్పు పాళ్లు పడిపోయి ఫిట్స్ రావచ్చు. ఇంట్లో కలిపిన మిశ్రమాలు తాగిన పిల్లలు కాల్షియం పడిపోయి ఆసుపత్రి పాలైన సంఘటనలు చూపి, అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2021లోనే హెచ్చరించింది. దొరక్కపోతే వేరే బ్రాండుకు మారడం గురించి డాక్టరుతో మాట్లాడండి.

7. "పాలు తాగట్లేదా? దిష్టి తగిలింది, రేపటికి సర్దుకుంటుంది."

దిష్టి తీయాలనుకుంటే తీయండి, కానీ ఆసుపత్రికి బయల్దేరడం ఆలస్యం చేయకండి. పాలు పట్టకపోవడం, జ్వరం లేదా ఒళ్లు చల్లబడటం, లేపినా లేవనంత మత్తు, ఆపకుండా కీచుగా ఏడవడం, మాడు ఉబ్బడం, ఫిట్స్: రెండు నెలల లోపు బిడ్డలో వీటిలో ఏ ఒక్కటి కనబడినా గంటలు లెక్కపెట్టుకోవాల్సిన పరిస్థితి. వాడుతున్న డబ్బాను వెంట తీసుకెళ్లండి.

తల్లిపాలకు సాటి లేదు. పాలడబ్బాల ప్రచారాన్ని నిషేధిస్తూ మన దేశం 1992లోనే చట్టం చేసింది. కానీ డబ్బాపాలు పట్టక తప్పని తల్లిని నిందించినందువల్ల ఏ బిడ్డకూ మేలు జరగదు. ఆమెకు కావాల్సింది సరైన సమాచారం, తోడుగా పొయ్యి మీద నీళ్లు పెట్టిచ్చే మనిషి. ఇకమీదట ఎవరు ఏ చిట్కా చెప్పినా ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: దీనివల్ల క్రిమి చస్తుందా, పెరుగుతుందా? పెరిగేదైతే, చెప్పింది ఎంత పెద్దవాళ్లైనా సరే, పాటించకండి.