వెలుతురు చాలని చోటే నా పని

నేను ట్రైపాడ్‌ని. మూడు అల్యూమినియం కాళ్లు, నడుమ ఒక కడ్డీ, పైన కెమెరాను బిగించే తల, ఇదే నా శరీరం. ఎండ దండిగా కాస్తుంటే నన్ను ఎవరూ సంచిలోంచి తీయరు. మసక కమ్మినా, పొద్దు వాలినా, మబ్బు పట్టినా నేను గుర్తొస్తాను. మా జాతి ఫొటోగ్రఫీలోకి వచ్చిందే కొరత వల్ల. 1839లో డాగైర్ పద్ధతి లోకానికి తెలిసిన కొత్తలో ఒక్కో పలక మీద బొమ్మ పడడానికి నిమిషాలు పట్టేది. అంతసేపు బరువైన పెట్టెను కదలకుండా పట్టుకోవడం మనిషి చేతుల వల్ల అయ్యే పని కాదు. అందుకే వెలుతురు గురించి మాట్లాడే హక్కు నాకుందనుకుంటాను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: మేడ్చల్, షామీర్‌పేట లాంటి చోట్ల ప్రకృతిని ఫొటో తీయాలనుకునేవాళ్లు మంచి వెలుతురు కోసం కాచుకోవడం తగ్గించి, ఆ పూట ఉన్న వెలుతురుకు తగిన బొమ్మను వెతకడం నేర్చుకోవాలి.

దీనికి మొదటి సాక్ష్యం సూర్యుడే. ఫొటోగ్రఫీ పాఠాలన్నీ గోల్డెన్ అవర్‌ను, అంటే పొద్దుపొడుపు తర్వాత, పొద్దుగూకే ముందు వచ్చే బంగారు వెలుతురును ఆకాశానికెత్తుతాయి. ఆ పాఠాల్లో ఎక్కువ భాగం చలి దేశాల్లో పుట్టినవి. అక్కడ సూర్యుడు ఏటవాలుగా, తీరిగ్గా దిగుతాడు. షామీర్‌పేట ఉన్నది దాదాపు పదిహేడున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. రాత్రీ పగలూ సమానంగా ఉండే రోజుల్లో ఇక్కడ సూర్యుడు చివరి ఆరు డిగ్రీలు దిగడానికి సుమారు 25 నిమిషాలు చాలు. లండన్‌లో అదే దూరానికి సుమారు 39 నిమిషాలు పడుతుంది. మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో మరోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారుగా నిలబడ్డ నా నీడ నా కాళ్ల మధ్యే ముడుచుకుపోతుంది. ఇక్కడి పగటిలో బంగారు వెలుతురు వాటా చిన్నది. దాన్నొక్కదాన్నే వెలుతురుగా లెక్కించే మనిషి మిగతా పగలంతా వదులుకున్నట్టే.

అలా వదులుకుంటున్న పగటిలో ఏముందో చెరువు దగ్గర చూడాలి. జులైలో ఆకాశమంతా ఒకే బూడిద రంగు పరుచుకున్నప్పుడు ఫ్రేములో ఆకాశానికి చోటు తగ్గించి నేల వైపు వంగితే చాలు. దక్కన్ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఎండలో అది తెల్లగా వెలిసినట్టు కనిపిస్తుంది. జల్లు పడి తడిసిందంటే అదే బండ నల్లబడి, లోపలి గులాబీ పలుకులు, అభ్రకపు మెరుపులు ఒక్కొక్కటే బయటపడతాయి. లెన్స్ ముందు పోలరైజర్ ఫిల్టర్ పెట్టి మెల్లగా తిప్పితే తడి మీది తళతళ తగ్గి రాతి అసలు రంగు వస్తుంది. మబ్బు వెలుతురులో నల్లని నీడలుండవు కాబట్టి బండ మీది నాచు, పగుళ్లలో మొలిచిన గడ్డి సమానంగా కనిపిస్తాయి. చలికాలపు పొద్దున మంచు కమ్మితే దూరాన ఉన్న భవనాలు, టవర్లు మాయమై దగ్గరి తుమ్మచెట్టు ఒక్కటే నిలుస్తుంది. వేసవిలో నీళ్లు తగ్గిపోయాయని వెనక్కి తిరిగేవాళ్లకు శిఖంలో, అంటే చెరువు మునక నేలలో, బయటపడ్డ నెర్రెల అల్లిక కనిపించదు. వాలు వెలుతురులో ఒక్కో నెర్రెకూ ఒక అంచు ఏర్పడి, అదే బొమ్మకు ప్రాణమవుతుంది.

ఇందులో నా వంతు పని కూడా ఉంది. నీటి అంచున నేల మెత్తన. కాళ్లు ఆనించి వదిలేస్తే నాలుగైదు సెకన్ల ఎక్స్‌పోజర్‌లోనే నేను వెంట్రుకవాసి కుంగుతాను, బొమ్మ చెదురుతుంది. అందుకే కెమెరా బిగించకముందే ఒక్కో కాలినీ గట్టి పొర తగిలేదాకా అదమాలి. పైనున్న లావు గొట్టాలను ముందు తీసి, కింది సన్న గొట్టాలను అవసరమైతేనే తీయాలి. నడిమి కడ్డీని పైకి లేపకూడదు. నైరుతి గాలి బలంగా వీస్తుంటే కడ్డీ కింది కొక్కేనికి సంచి తగిలించి, అది ఊగకుండా నేలకు కొద్దిగా ఆనేలా చూడాలి. గాలికి అలలు లేచి నీటిలో ప్రతిబింబం రాకపోయినా నష్టం లేదు. వెలుతురును తగ్గించే నల్లటి ఎన్‌డీ ఫిల్టర్ పెట్టి షట్టర్‌ను కొన్ని సెకన్లు తెరిస్తే అలలన్నీ కలిసి నునుపైన పొరగా మారతాయి, గాలికి ఊగే రెల్లు ఒక కదలికగా నమోదవుతుంది. బొమ్మను పాడుచేస్తుందనుకున్న గాలే అందులో విషయమవుతుంది.

ఇది కొత్త తెలివి కాదు, ఈ ప్రాంతపు ఫొటోగ్రఫీ చరిత్రలో ఉన్నదే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫొటోగ్రాఫర్‌గా చేరి, 1894లో రాజా ముసవ్విర్ జంగ్ బహదూర్ బిరుదు పొందిన లాలా దీన్‌దయాళ్ స్టూడియో సికింద్రాబాద్‌లో ఉండేది. ఆ కాలపు గాజు పలకలకు నీలి కాంతి అంటే మక్కువ ఎక్కువ. నేలకు సరిపడా వెలుతురిస్తే ఆకాశం తరచూ తెల్లబోయేది. పలక గుణాన్ని మార్చడం ఫొటోగ్రాఫర్ చేతిలో లేని పని. ఎక్కడ నిలబడాలో, ఏ రాతి కట్టడాన్ని ఏ కోణంలో చూపాలో మాత్రం ఆయన చేతిలో ఉంది. నూరేళ్లు దాటినా ఆ బొమ్మలు నిలవడానికి కారణం ఆ ఎంపికే.

ఓపికతో మళ్లీ మళ్లీ వెళ్లడమే అసలు సాధన కదా అని అడిగేవాళ్లున్నారు. నిజమే, నేనూ ఓపికకు పెట్టింది పేరు. కానీ మళ్లీ వెళ్లడానికి ఆ చోటు మిగలాలి. ఔటర్ రింగ్ రోడ్డు, జీనోమ్ వ్యాలీ, కొత్త కాలనీలు వచ్చాక ఈ ఊళ్ల అంచులు ఏటేటా మారుతున్నాయి. ఈ ఏడు వెలుతురు బాగోలేదని వదిలిన పొలం వచ్చే ఏటికి ప్రహరీ వెనక్కి పోవచ్చు. మరికొందరు, తెల్లబోయిన ఆకాశాన్ని తర్వాత కంప్యూటర్‌లో మార్చుకోవచ్చంటారు. మూడు రకాల ఎక్స్‌పోజర్లలో అదే చోటును, అదే వేళ తీసి కలపడం న్యాయమే. అక్కడ లేని ఆకాశాన్ని తెచ్చి అతికిస్తే మాత్రం నీటిలోని రంగు ఒకటి చెబుతుంది, పైనున్న మబ్బు మరొకటి చెబుతుంది. ఫోన్‌లో నైట్ మోడ్ ఉండగా నువ్వెందుకనే ప్రశ్న కూడా వింటుంటాను. ఫోన్ వరుసగా చాలా ఫ్రేములు తీసి కలిపి చీకటిని గెలుస్తుంది, ఆ పనితనాన్ని మెచ్చుకోవాలి. అయితే ఆ ఫోన్‌ను కూడా నా మీద నిలబెడితే అది ఇంకా ఎక్కువసేపు వెలుతురును పోగుచేస్తుంది. అన్నిటికన్నా బలమైన అభ్యంతరం కరెంటు తీగలది. వాటిని తప్పించే కోణం దొరికితే మంచిదే, దొరకకపోతే ఫ్రేములోకి రానివ్వాలి. 2016లో మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా ఏర్పడిన తర్వాత ఈ నేల ఎలా ఉండేదో రేపటివాళ్లకు చెప్పేది తీగలున్న ఫొటోయే.

అందుచేత నా తీర్పు ఇది: చెడ్డ వెలుతురు అనేది అరుదు, ఆ వెలుతురుకు సరిపడని బొమ్మ కోసం పట్టుబట్టడమే ఎక్కువ. వచ్చే ఆదివారం మబ్బు పట్టిందని ప్రయాణం మానుకోకండి. ఉన్న కెమెరానో ఫోన్‌నో తీసుకుని మీ ఊరి చెరువు కట్ట దాకా వెళ్లండి. ట్రైపాడ్ లేకపోతే కట్ట మీది రాయికి ఆనించండి. తీసిన ప్రతి ఫొటోకూ తేదీ, చోటు రాసి దాచండి. మీ పిల్లలకు ఆ చెరువును చూపించాల్సిన రోజున అవి పనికొస్తాయి.