కుడివైపు షాఫ్టును

అమెరికా సైన్యం కాగితాల్లో మా బండి పావు టన్ను ట్రక్కు. జనం జీపన్నారు. నేను దాని ముందు యాక్సిల్ షాఫ్టుని, కుడివైపు దాన్ని. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్, ఫోర్డు కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. ఫోర్డు వాళ్లు బోల్టు మీద కూడా తమ ‘ఎఫ్’ అక్షరం పొడిచేవాళ్లు. నా ఒంటి మీద అదేం లేదు. నేను టొలిడోలో విల్లీస్ బండికి ఎక్కినదాన్ని.

అస్సాంలో లీడో నుంచి బర్మా అడవుల్లోకి తవ్విన రోడ్డు మీద బురద నాకు మొదట అలవాటైంది. యుద్ధం అయ్యాక డిస్పోజల్స్ వేలంలో చేతులు మారి మారి వేమూరు రైతు ఇంటికి చేరాం. కృష్ణా పశ్చిమ డెల్టా నల్లరేగడి వానొస్తే లీడోకేం తీసిపోదు. చక్రానికి పట్టిందంటే గడ్డపారతో గీకాల్సిందే. ఆయన తెనాలి వెళ్లాలన్నా రేపల్లె వెళ్లాలన్నా రైలుంది. అయినా జీపే తీసేవాడు. రైలు పొలంలోకి రాదుగా!

మా జీపులో ముందు చక్రాలకు విడదీసే హబ్బులు లేవు. ఫోర్ వీల్ వేసినా వేయకపోయినా చక్రం తిరిగినంతసేపూ నేనూ తిరుగుతాను. డిఫరెన్షియల్ మధ్యలో కాక కుడికి జరిగి ఉంటుంది కాబట్టి నేను పొట్టి, నా జోడీ పొడుగు. ముందు చక్రం తిరగడంతో సరిపోదు, స్టీరింగు తిప్పితే పక్కకు వంగాలి కూడా. అందుకే మాకు చక్రం దగ్గర మోకాలి లాంటి కీలు ఉంటుంది. మమ్మల్ని గుర్తుపట్టాల్సింది అక్కడే. ఒకే జీపుకు ఆ రోజుల్లో నాలుగు రకాల కీళ్లు వేశారు. నాది బెండిక్స్: చుట్టూ నాలుగు గోళీలు, నడుమ ఒకటి. జెప్పా రకంలో ఆరు గోళీలు ఒక పంజరంలో కూర్చుంటాయి. ట్రాక్టాలో గోళీలే ఉండవు, ఒకదానిలో ఒకటి జారే ముక్కలు. స్పైసర్‌ది మామూలు ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసు లాంటిదే. అది చవక. కానీ ఫోర్ వీల్ వేసి మలుపు తిప్పితే స్టీరింగు చేతిలో కుదుపుతుంది.

1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు, కూలిన చెట్ల మధ్య నుంచి బియ్యం బస్తాలతో రేపల్లె వైపు వెళ్లాం. మా ఇద్దరికీ ఏమీ కాలేదు. నా జోడీ విరిగింది ఆ తర్వాతెప్పుడో, గడ్డిమోపులు తేబోయి. చక్రం బోదెలో దిగబడింది. మా రైతు స్టీరింగు పూర్తిగా కోసి, ఫోర్ వీల్ వేసి, యాక్సిలరేటరు తొక్కిపట్టాడు. కీలు అంతగా వంగి ఉన్నప్పుడు ఇంజను బలమంతా దాని మీద పడితే ఎంత ఇనుమైనా ఏం చేస్తుంది?

తెనాలి మేస్త్రీ ముందు చక్రాలు రెండూ జాకీల మీద లేపి, ఫోర్ వీల్ వేసి, గేర్లో పెట్టి ఒక చక్రం చేత్తో తిప్పాడు. షాఫ్టులు బాగుంటే రెండోది ఎదురు తిరగాలి. తిరగలేదు. ఎడమ హబ్బు బోల్టులు విప్పి లాగితే షాఫ్టు బయటి సగమే చేతికొచ్చింది. లోపలి సగం బాగానే ఉందన్నాడు. రైతు ఆ మాట పట్టుకుని, డబ్బు కలిసొస్తుందని బెజవాడ ఆటోనగర్‌లో బయటి సగం ఒక్కటే కొనుక్కొచ్చాడు. కొట్టువాడు “జీపుదేనండీ” అన్నాట్ట. అబద్ధం కాదు.

మేస్త్రీ దాన్ని కిరసనాయిలులో కడిగి బల్ల మీద పెట్టాడు.

“ఇందులో ఆరు గాళ్లున్నాయి బాబాయ్. మనదానికి నాలుగే. నడుమ గోళీ కూర్చునే గుంట ఏదీ?”

“కొంచెం రాస్తే పట్టదంటావా?”

“పట్టదు. తెస్తే మొత్తం షాఫ్టు తే, కీలుతో సహా. రెండు రకాలు అతికించామా, మళ్లీ ఆ బోదెలోనే కూర్చుంటాం.”

రెండోసారి మేస్త్రీయే వెళ్లాడు. బండి పేరు చెప్పి అడిగేవాడు కాదాయన. 1947లో మహీంద్రా ఇక్కడ విల్లీస్ జీపులు కూర్చడం మొదలుపెట్టాక, ఆ ఇంజను ఈ బండికీ ఈ యాక్సిలు ఆ బండికీ ఎక్కి, బయటి బోర్డుకీ లోపలి ఇనుముకీ పొత్తు లేకుండా పోయింది. అందుకే విరిగిన ముక్కలు గోనెసంచిలో వేసుకెళ్లాడు. కొత్తదీ పాతదీ పక్కపక్కన పెట్టి పొడవు చూశాడు. కీలు నడిబొడ్డు స్టీరింగు కింగ్‌పిన్నుల గీత మీదకు రాకపోతే మలుపు మలుపుకీ గోళీలు నలుగుతాయి. చివర పళ్లు లెక్కపెట్టాడు, పది. ఆ పళ్లను కంటి ఎత్తున పెట్టి తుపాకీ గురి చూసినట్టు చూశాడు. పళ్లు మెలిపడి ఉంటే ఆ షాఫ్టు ఇదివరకే ఒకసారి చచ్చి బతికిందన్నమాట. ఆయిలు సీలు ఆనే చోట గోరు పెట్టి గీశాడు, గాడి పడిందేమోనని. కీలు విప్పి చూపిస్తానని కొట్టువాడు ముందుకొస్తే వద్దన్నాడు. బెండిక్స్ గోళీలు వెంట్రుకవాసి తేడాల్లో ఏరి కూర్చినవి. కలిసిపోతే ఏది ఎక్కడిదో చెప్పడం కష్టం.

ఇప్పుడు ఆ జీపు లేదు. బాడీ తూకానికి పోయింది. వేమూరు 2022లో గుంటూరు జిల్లా నుంచి బాపట్ల జిల్లాలోకి మారింది. నా పళ్లు మాత్రం పదే. తెనాలిలో ఆ మేస్త్రీ కొడుకు షెడ్డులో అర మీద ఉన్నాను. పాత మిలిటరీ బండ్లను బాగుచేసుకునే కుర్రాళ్లు వస్తుంటారు. ఒకడికి జోంగాకు కావాలట. అది జబల్‌పూర్‌లో తయారైనా నిస్సాన్ వంశం, నాతో పనిలేదు. ఇంకొకడు శక్తిమాన్‌కు అడిగాడు. జర్మనీ మాన్ కంపెనీ నమూనాతో చేసిన లారీ అది. దానికి నేను ఆనను. ఆ మాట కూడా తెలియకుండా టేపు తీశాడు, పాపం.

మొన్న వచ్చినవాడిది అసలైన యుద్ధకాలం జీపే. కీలు బెండిక్స్, పళ్లు పది. నన్ను చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. ధర కూడా కుదిరింది.

“ఏ వైపు పోయింది?” అన్నాడు చిన్న మేస్త్రీ.

“డ్రైవరు వైపు.”

“స్టీరింగు ఎటుంది?”

“ఎడమకి. అమెరికా బండి కదన్నా.”

చిన్న మేస్త్రీ నన్ను తీసి అర మీద పెట్టేశాడు. నీకు పొడుగుది కావాలి, ఆటోనగర్ వెళ్లు, వెళ్లేముందు డిఫరెన్షియల్ ఏ పక్కకుందో ఫొటో తీసుకో, విరిగిన ముక్క పట్టుకెళ్లడం మర్చిపోకు అని చెప్పి, పక్కన ట్రాక్టరు కింద దూరాడు.