నడుస్తోందిగా, ముట్టుకోకు

కిరాణా కొట్లవాళ్లు సరుకు ఆర్డరు పెట్టుకునే యాప్ మాది. టీమ్‌లో కొత్తగా చేరిన ప్రతి కుర్రాడూ వారం తిరక్కుండా ఒకే మాట అంటాడు. "అన్నా, దీన్ని మొత్తం కోట్లిన్ భాషలో మళ్లీ రాసేద్దాం!" నేను కాదనను. ఆర్డరు స్క్రీన్ ఫైలు తెరిచి చేతికిస్తాను.

నాలుగు వేల లైన్ల పైచిలుకు జావా. అందులో ఆర్డర్‌హెల్పర్, ఆర్డర్‌హెల్పర్2, ఆర్డర్‌హెల్పర్‌న్యూ అని మూడు క్లాసులు. పనిచేసేది రెండోది. న్యూ అన్నది అన్నిటికన్నా పాతది. మధ్యలో ఒకచోట ఏ పనీ చేయకుండా మూడు వందల మిల్లీసెకన్లు ఊరికే ఆగే లైను. దాని నెత్తిన "తాత్కాలికం, పండగ వెళ్లాక తీసేయాలి" అని కామెంటు. ఏ పండగో రాయలేదు. తీసి చూస్తే, డేటాబేస్ నుంచి సరుకుల జాబితా వచ్చేలోపే స్క్రీన్ గీయడం అయిపోయి, పాత ఫోన్లలో కార్ట్ ఖాళీగా కనిపిస్తుంది. ఆ చిన్న కునుకు మీదే మా వ్యాపారమంతా నిలబడి ఉంది. కుర్రాడు ఫైలు మెల్లిగా మూసేస్తాడు.

దీన్నే టెక్నికల్ డెట్ అంటారు. వార్డ్ కనింగ్‌హామ్ అనే ప్రోగ్రామరు, ఆర్థిక లావాదేవీల సాఫ్ట్‌వేర్ చేస్తూ, 1992లో ఈ పోలిక తెచ్చాడు. పని త్వరగా బయటపడాలంటే కాస్త అప్పు చేయొచ్చు, వెంటనే కోడు తిరగరాసి తీర్చేస్తేనే సుమా, లేదంటే వడ్డీ మింగేస్తుంది అన్నాడాయన. మావాళ్లు మొదటి సగం వినేసి లేచిపోయినట్టున్నారు. మా దగ్గర అప్పు చేసినాయన జీతం పెంచుకుని గచ్చిబౌలిలో ఇంకో కంపెనీకి వెళ్లాడు. నోటు మీద సంతకం ఆయనది, వాయిదాలు మావి.

వసూలుకి వచ్చేది గూగుల్. ఈమధ్య ఏటా ఆగస్టు నెలాఖరు గడువు పెట్టి, టార్గెట్ వెర్షన్ పెంచని యాప్‌ల అప్‌డేట్లు తీసుకోనంటోంది. 2025లో వంతు ఆండ్రాయిడ్ 15ది. కోడు లెక్కలో దాని నంబరు 35. ఫైల్లో 34 అన్న అంకెని 35 చేయాలి, అంతే. "అర నిమిషం పని కదండీ" అన్నారు మేనేజర్‌గారు. అంకె మార్చి కొత్త ఫోన్లో నడిపితే, "ఆర్డరు పెట్టండి" అన్న బటన్ వెళ్లి అడుగునుండే బ్యాక్, హోమ్ బటన్ల వెనక దూరింది. ఇకమీదట యాప్ స్క్రీన్ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పరుచుకోవాలట. ఆర్డరు పెట్టబోతే హోమ్‌కి పోతోంది. అర నిమిషం కాస్తా వినాయక చవితి దాకా సాగింది.

స్క్రీన్ ఆగిపోకుండా వెనకాల పనులు చేసిపెట్టే పాత క్లాసు, అసింక్‌టాస్క్ సంగతి చెప్పనే లేదు. 2020లో ఆండ్రాయిడ్ 11తో గూగుల్ దాన్ని ఇక వాడొద్దంది. ఎడిటర్‌లో దాని పేరు మీద అడ్డగీత పడి ఉంటుంది. మా యాప్‌లో మాత్రం గీతతోనే రోజూ డ్యూటీకి వస్తుంది.

పెద్ద కంపెనీలకైనా బగ్గులు తప్పవులెండి. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా", కంటికి కనపడని కోడు ఒకటి మధ్యలో దూరిన జ్ఞా, మెసేజీలో వస్తే చాలు ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ హడావుడిగా ఐఓఎస్ 11.2.6 వదిలింది. ఆ వారం మా టీమ్‌లో పని సాగలేదు, గర్వంతో.

మా బగ్గులకి అంత పేరు రాలేదు గానీ, అభిమానులున్నారు. ఆర్డర్ల జాబితా దానంతటది రిఫ్రెష్ అయ్యేది కాదు. బ్యాక్ రెండుసార్లు కొట్టి మళ్లీ లోపలికి వస్తేనే కొత్తవి కనిపించేవి. కష్టపడి బాగుచేశాం. మర్నాడే విజయవాడ నుంచి ఓ కొట్టు పెద్దాయన కస్టమర్ కేర్‌కి ఫోను.

"చక్కగా పనిచేసేదాన్ని ఎందుకు కెలికారమ్మా?"

"సార్, ఇప్పుడు బ్యాక్ కొట్టక్కర్లేదండీ, అదే వచ్చేస్తుంది."

"వస్తే వచ్చిందిలే. నేను కొట్టకుండా వచ్చిందాన్ని ఎలా నమ్మమంటావు?"

మేనేజర్‌గారు కరిగిపోయారు. బ్యాక్ రెండుసార్లు కొడితే గుండ్రంగా ఓ చక్రం తిరిగే ఏర్పాటు చేశాం. అది దేన్నీ తీసుకురాదు, తిరుగుతుందంతే. ప్లే స్టోర్‌లో ఆ వెర్షన్ కింద "బగ్ ఫిక్సులు, పనితీరులో మెరుగుదల" అని రాశాం. పెద్దాయన ఐదు స్టార్లూ ఇచ్చారు.