రొయ్యకు వీసా, మనిషికి కావలి

కావలి అంటే కాపలా. ఊరికి ఆ పేరు పెట్టినవాడెవడో గానీ ముందుచూపున్నవాడు. పొద్దున ఆరింటికల్లా ట్రంకు రోడ్డు టీకొట్టు దగ్గర కాపలా మొదలవుతుంది, అయితే అది మా ఊరికి కాదు, అమెరికాకి. అక్కడ ఏ గేటు మూస్తున్నారు, ఏ గొళ్లెం బిగిస్తున్నారు? కన్సులేటు వాళ్ళకైనా ఆలస్యంగా తెలుస్తుందేమో గానీ మా బెంచీకి ముందే తెలుస్తుంది.

2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టమన్నప్పుడు మా పెద్దాయన ఒకరు గ్లాసు టక్కున కింద పెట్టాడు.

"ఏందబ్బయా ఈ అన్యాయం? వలసొచ్చినోళ్ళు కట్టుకున్న దేశం గదా అది! 1776లో స్వాతంత్ర్య ప్రకటన మీద చేవ్రాలు చేసిన 56 మందిలో 8 మంది సముద్రం అవతల పుట్టినోళ్ళే. మన యల్లాప్రగడ సుబ్బారావు ఆరియోమైసిన్ మందు ఇచ్చినాడా లేదా? పౌరసత్వం లేకుండానే 1948లో ఆడనే పోయినాడు గదా! ఆ రుణం ఎవరు తీర్చేది?"

అందరం తలలూపాం. నేను ఇంకాస్త గట్టిగా ఊపాను, మా అక్క కొడుకు డాలస్‌లో ఉన్నాడు మరి.

అంతలో పెద్దాయన ఫోను మోగింది. మేడ మీది వాటా గురించి. "ఎంతమంది? ఏ ఊరోళ్ళు? ఒరిస్సానా? లేదులే, నిన్ననే ఇచ్చేసినాం." ఫోను జేబులో పెట్టుకుని మళ్ళీ సుబ్బారావు దగ్గరికొచ్చాడు. టు-లెట్ బోర్డు ఇంకా గేటుకు వేలాడుతూనే ఉంది. పోయిన నెల మా గది అడగడానికి వచ్చిన ఒరిస్సా కుర్రాడికి నేనూ ఇదే మాట చెప్పాను కాబట్టి గమ్మున టీ తాగాను.

సరే, బయటివాళ్ళకు చోటు లేదని నియమం పెట్టుకున్నాక అందరికీ ఒకే నియమం ఉండాలి. మన గుమ్మంలోనే ఒక కౌంటరు తెరుద్దాం.

మొదట వచ్చినాయన సన్నగా ఉన్నాడు. పేరు పొట్టి శ్రీరాములు. పుట్టింది? 1901లో, మద్రాసులో. చదువు? బొంబాయిలో శానిటరీ ఇంజనీరింగు. ఉద్యోగం? ఆ బొంబాయి రైల్వేలోనే. ఆ తర్వాత? సబర్మతి. చివరికి 58 రోజులు అన్నం మానేసి ప్రాణం వదిలిందీ మద్రాసులోనే, 1952 డిసెంబరు 15న. అయ్యా, తమరు ఆంధ్ర రాష్ట్రం తెచ్చిపెట్టిన మాట నిజమే, 2008 నుంచి మా జిల్లా తమరి పేరే మోస్తున్న మాటా నిజమే. కానీ లోకల్ ఎక్కడ? పైగా నెల్లూరు మూలపేట గుడిలోకి హరిజనులను రానివ్వాలని నిరాహారదీక్ష చేసిన మనిషి. ఇలాంటాయనకు మేడ మీది వాటా ఇస్తే ఎవరెవరిని వెంటబెట్టుకొస్తాడో! తర్వాతి దరఖాస్తు.

వనామి రొయ్య. మెక్సికో నుంచి పెరూ దాకా పసిఫిక్ తీరం దీని పుట్టిల్లు. మన టైగరు రొయ్య తెల్లమచ్చ రోగంతో రైతును అప్పుల్లో ముంచాక, 2009లో దీనికి మన దేశంలో అనుమతి దొరికింది. తల్లిరొయ్యలు విమానంలో దిగుతాయి, చెన్నైలో క్వారంటైను చూసుకుని తీరానికొస్తాయి. కులమేంది, మాంసం తింటావా అని అడిగినవాడు లేడు. కావలి తీరాన ఎన్ని మేడలు దీని పుణ్యాన లేచాయో రొయ్యల గుంటలకే తెలుసు. ఇది స్థానికమే! అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కినప్పుడు మనం ఏడ్చింది దీని కోసమే గదా.

మూడో దరఖాస్తు ఎరుకలవాళ్ళది. వీళ్ళ విషయంలో కౌంటరు తడబడుతుంది, ఎందుకంటే వీళ్ళు బయటివాళ్ళు కారు. గాడిదల మీద సముద్రపు ఉప్పు మోసుకెళ్ళి పైదేశం గింజలు తెచ్చిన ఉప్పు ఎరుకలు. దేశం అని మనం అంటున్నదాన్ని కాలినడకన కలిపి కుట్టినవాళ్ళు. రైలొచ్చింది, సర్కారు ఉప్పు మీద చెయ్యేసింది, బేరం పోయింది. తిరుగుడే బతుకైనవాణ్ణి తిరుగుతున్నందుకే అనుమానించి, నేరస్థ తెగ అని చట్టంలో రాశారు. ఇక్కడ, ఈ కావలిలోనే, సెటిల్మెంటు పెట్టి హాజరు పిలిచారు. నడిపిందెవరనుకున్నారు? అమెరికన్ బాప్టిస్టు మిషను దొరలు! సముద్రాలు దాటి వచ్చినవాడు జమేదారు, ఇక్కడే పుట్టినవాడు ముద్దాయి. ఆ ముద్ర 1952లో చట్టంలోంచి పోయింది. మా వీధుల్లో దొంగతనం జరిగితే మొదట ఏ పేట పేరు వినబడుతుందో మీరే వచ్చి వినండి.

పెద్దాయన ఇప్పుడు అమెరికా సర్కారుకు అర్జీ రాయించుకుంటున్నాడు. ఇంగ్లీషు నాది. "మేం మీ దేశం కట్టాం" అన్న ముక్క పెద్దక్షరాల్లో ఉండాలట.

ఒరిస్సా కుర్రాడికి గది దొరకలేదు. గుంట గట్టు మీదే, రేకుల షెడ్డులో, మేత బస్తాల పక్కన పడుకుంటున్నాడు. రాత్రంతా ఏరియేటర్లు తిరుగుతూనే ఉంటాయి. రొయ్యకు ఊపిరాడాలి గదా.