35 శాతం ఏజెంటు

పాసయ్యావట, సంతోషం. గంటసేపు కంప్యూటరు ముందు కూర్చున్నావు, 50 ప్రశ్నలకి నాలుగేసి జవాబులిస్తే ఒక్కోదాని మీద నొక్కుకుంటూ పోయావు, నూటికి 35 దాటావు, అంతే, జీవిత బీమా ఏజెంటువి అయిపోయావు. మీ అమ్మ మిఠాయి పంపింది, తిన్నాను. ఆ 35 మాత్రం నాకు మింగుడుపడటం లేదు నాయనా. ఇంటిపెద్ద పోయాక పెళ్లాంబిడ్డల చేతికి రావలసిన డబ్బు గురించి మాట్లాడబోయేవాడికి, నూటికి అరవై అయిదు తెలియకపోయినా ఫరవాలేదని ఎవరు తేల్చారు? ఒకప్పుడు 50 వస్తేనే ప్యాసు. అదీ దించేశారు. శిక్షణ సంగతీ ఇంతే. 2000లో కొత్త నిబంధనలు వచ్చినప్పుడు వంద గంటలు కూర్చోవాలన్నారు, తర్వాత యాభై అన్నారు, ఇప్పుడు పాతిక. ఇంకా తగ్గించడానికి ఏం మిగిలిందని?

మా రోజుల్లో పరీక్షే లేదు. నవ్వకు. పరీక్ష లేదంటే పరీక్షించేవాడు లేడని కాదు. డెవలప్‌మెంట్ ఆఫీసరని ఒకాయన ఉండేవాడు, మేం డీవోగారు అనేవాళ్లం. నన్ను చేర్చుకున్నాయన మొదటి నెలంతా ఎవరినీ పాలసీ అడగనివ్వలేదు. విశాఖ పోర్టు గేటు దగ్గర, సింధియా జంక్షన్‌లో, మల్కాపురం టీ దుకాణాల దగ్గర నిలబడి వినమన్నాడు. ఎవరిది ఏ షిఫ్టు, ఎవరింట్లో ఎంతమంది తినేవాళ్లు, ఎవరు ఎవరికి బాకీ, జీతాలరోజు గేటు బయట కాబూలీవాలా ఎవరికోసం కాసుకున్నాడు, ఇవన్నీ సాయంత్రం ఆయనకి అప్పజెప్పాలి. ఆ తర్వాత ఫారం 300, అదే పాలసీ దరఖాస్తు, చేతికిచ్చి నింపమనేవాడు. ఒక్క కొట్టివేత కనిపిస్తే చింపి అవతల పారేసేవాడు. అందులో ఏజెంటు రాసే రహస్య నివేదిక ఒకటి ఉంటుంది కదా, ఈ మనిషి నాకు తెలుసు, ఈయన ఆరోగ్యం, అలవాట్లు, ఆదాయం ఇవీ అని. వాళ్లింటి గడప తొక్కకుండా దానిమీద సంతకం పెడితే ఊరుకునేవాడు కాదు. ఇప్పుడు అదే నివేదిక మీద ఫోనులోనే సంతకం పడిపోతోంది. గడప ఎక్కడుందో గూగులమ్మకే తెలియాలి.

మనది ఎలాంటి ఊరో నీకు చెప్పాలి. ఇక్కడ బీమా అంటే పేపర్లో ప్రకటన కాదు. పోర్టు, షిప్‌యార్డు, రిఫైనరీ, ఒకప్పటి జింకు ఫ్యాక్టరీ, ఆ తర్వాత ఉక్కు ఫ్యాక్టరీ, ఇవన్నీ మనిషి పొద్దున డ్యూటీకి వెళ్తే సాయంత్రం దాకా ఇంట్లోవాళ్లు గడియారం చూసే చోట్లు. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసి వెళ్లాక చాలా ఏళ్లకి గాని ఉక్కు ఫ్యాక్టరీ కదల్లేదు. కదిలాక గాజువాక రూపే మారిపోయింది. భూములు పోగొట్టుకున్నవాళ్లకి ఆర్ కార్డులిచ్చారు. ఆ కార్డు మీద ఉద్యోగం వచ్చిన కుర్రాడు తన వంశంలో మొదటి నెలజీతగాడు. మా ఏజెంట్లందరం వాళ్ల చుట్టూ మూగేవాళ్లం, కాదనను. టేబుల్ 14 ఎండోమెంటా, టేబుల్ 75 మనీబ్యాకా అని వాళ్ల ముందు బేరం పెట్టేవాళ్లం. జీతంలోంచే ప్రీమియం కోత పడే పద్ధతి ఉండేది కాబట్టి వాళ్లకీ సుళువు, మాకూ సుళువు.

సుళువు అన్నాను గానీ, అసలు పని అక్కడే మొదలయ్యేది. జీతం నష్టపు సెలవు పెట్టిన నెల కోత పడదు. ఒక నెల ప్రీమియం ఎగిరిపోతుంది, అది గ్యాపు. ఎవరూ గమనించకపోతే గ్యాపు గ్యాపులాగే ఇరవై ఏళ్లు ఉండిపోయి, మెచ్యూరిటీ రోజున లెక్కలోంచి వడ్డీతో సహా కోత పెట్టించి కూర్చుంటుంది. మా దగ్గర నీలం గుడ్డ అట్ట వేసిన పొడుగాటి డైరీలు ఉండేవి. పాలసీ నంబరు, కట్టవలసిన నెల, నామినీ పేరు, ఇంటి గుర్తు, అన్నీ అందులోనే. ఇంటి గుర్తు మాత్రం పెన్సిలుతో రాసేవాళ్లం, అద్దె ఇళ్లవాళ్లు మారుతుంటారు కదా, చెరిపి మళ్లీ రాయడానికి. గ్యాపు పడ్డ నెల పక్కన ఎర్ర సిరా. ఆ మనిషిని షిఫ్టు దిగేటప్పుడు పట్టుకుని కౌంటర్లో ఆ ఒక్క నెలా కట్టించి రసీదు చేతిలో పెట్టేదాకా ఎర్ర గీత పోదు. నీ ఫోనులో పచ్చరంగు గుర్తులు చూశాను. గ్యాపుకి ఏ రంగు ఉందో చూపించగలవా?

1997 సెప్టెంబరు 14, ఆదివారం పొద్దున్నే రిఫైనరీలో గ్యాసు అంటుకుంది. యాభైమందికి పైగా పోయారు. మల్కాపురం, శ్రీహరిపురం జనం కట్టుబట్టలతో పారిపోయారు. నువ్వు పుట్టలేదు. ఆ వారంలో నేను తిరిగిన ఇళ్లలో ఒక ఇల్లు ఇప్పటికీ మర్చిపోలేను. ఇంటాయన పోయాడు. ఆ ఇల్లాలికి బాండు ఎక్కడుందో తెలియదు, అసలు పాలసీ ఉందో లేదో తెలియదు. నా డైరీలో నంబరుంది. బియ్యం డబ్బాలో అడుగున ప్లాస్టిక్ కవర్లో బాండు దొరికింది. తీసి చూస్తే నామినీ ఆయన తల్లి, ఆవిడ అప్పటికే కాలం చేసింది. పెళ్లికి ముందు కట్టించిన పాలసీ అది, కట్టించినవాడు వేరే ఏజెంటు, నాకు వచ్చాక నేనైనా మార్పించి ఉండాల్సిందేమో, కానీ పాలసీ నా చేతికి వచ్చింది ఆ ఏడాదే. వారసత్వ పత్రం కోసం ఆ ఇల్లాలు కాళ్లరిగేలా తిరిగింది, ఆవిడతో పాటు నేనూ తిరిగాను. నామినేషన్ గురించి నీ పరీక్షలో ప్రశ్న వచ్చే ఉంటుంది, జవాబు సరిగ్గానే నొక్కి ఉంటావు. పెళ్లి శుభలేఖ అందిన రోజున అక్షింతలతో పాటు నామినీ మార్పు ఫారం కూడా జేబులో పెట్టుకుని వెళ్లమని ఆ పాతిక గంటల్లో ఎవరైనా చెప్పారా?

మా కాలం అంతా బంగారమని చెబితే అబద్ధమవుతుంది. తన కమిషన్‌లోంచి మొదటి ప్రీమియం తనే కట్టేసి పాలసీలు రాయించిన మహానుభావులు మాలోనూ ఉన్నారు. 1938 నాటి బీమా చట్టంలోనే అది తప్పని రాసి ఉంది, 41వ సెక్షను. అయినా మార్చి నెలాఖరు వచ్చిందంటే ఎక్కువ పాలసీలు చేసిన ఏజెంట్లకిచ్చే క్లబ్బు మెంబర్‌షిప్ కోసం ఎవరెవరు ఏం చేశారో మాకందరికీ తెలుసు. ఆ పాలసీలు రెండో ఏడు మొహం చూసేవి కావు. సరెండర్ విలువ ఎలా కడతారో చెప్పలేని పెద్ద ఏజెంట్లనీ చూశాను. కాబట్టి పరీక్ష పెట్టడం తప్పని అనను. ఆ పరీక్షతోనే సరిపెట్టుకోవడం తప్పు.

పోనీ, ఆ పరీక్ష లెక్కలైనా బయటికొస్తాయా? కాలిఫోర్నియాలో బీమా శాఖ తన లైసెన్సు పరీక్షల్లో ఎందరు రాశారో, ఎందరు ప్యాసయ్యారో లెక్కలు బయటపెడుతుందని మా అన్నయ్య మనవడు చెప్పాడు. ఇక్కడ నీ ఫలితం నీకూ నీ కంపెనీకీ తెలుస్తుంది, మీ అమ్మ చెప్పింది కాబట్టి నాకూ తెలిసింది. గాజువాకలో ఈ ఏడాది ఎందరు రాశారు, ఎందరు నెగ్గారు అని అడిగితే చెప్పేవాడు నాకు తగల్లేదు. బీమా నియంత్రణ సంస్థ ఉన్నది ఢిల్లీలో కాదు, 2001 నుంచీ మన హైదరాబాద్‌లోనే. 1925లోనే పట్టాభి సీతారామయ్యగారు బందరులో ఆంధ్రా ఇన్సూరెన్సు పెట్టిన జాతి మనది. 1956లో 245 కంపెనీల్ని కలిపి ఒకే జీవిత బీమా కార్పొరేషను, అదే ఎల్‌ఐసీ, చేసినప్పుడు అలాంటివన్నీ అందులో కలిసిపోయాయి. ఇంత చరిత్ర ఉన్నచోట జిల్లాల వారీ ఫలితాలు ఒక కాగితం మీద వేయించడం అంత కష్టమా?

అయితే ప్యాసైన లెక్క ఒక్కటే చూసి మురిసిపోయేవాణ్ణి కాదు నేను. నారు పోసినవాడు నీరు కూడా పెట్టాలి. కంపెనీలు 13వ నెల, 25వ నెల, అలా 61వ నెల దాకా నూటికి ఎన్ని పాలసీలు బతికున్నాయో ప్రకటించాలని నియమం ఉంది, ప్రకటిస్తున్నాయి కూడా. కానీ అది కంపెనీ మొత్తానికి. నా ఎదురుగా సోఫాలో కూర్చున్న ఏజెంటు అమ్మిన వందలో ఎన్ని ఐదేళ్లు బతికాయో నాకెవరు చెప్తారు? ఈమధ్య ఒక్కటి మాత్రం నా మనసుకి నచ్చింది. 2024 డిసెంబరులో ఎల్‌ఐసీవాళ్లు ఆడవాళ్లని ఏజెంట్లుగా చేర్చుకోవడానికి బీమా సఖి అని మొదలుపెట్టారు. పదో తరగతి చదివితే చాలు, మొదటి ఏడు నెలకి 7,000, రెండో ఏడు 6,000, మూడో ఏడు 5,000 ఇస్తారు. రెండో ఏడాది డబ్బు అందాలంటే మొదటి ఏడాది చేయించిన పాలసీల్లో నూటికి 65 నిలబడి ఉండాలన్నారు. ప్యాసు మార్కు 35, నిలబెట్టే మార్కు 65. ఎవరు రాశారో గానీ, ఆ రెండో అంకె రాసినాయన ఎప్పుడో ఒకప్పుడు ఎండలో తిరిగి ప్రీమియం వసూలు చేసినవాడే అయి ఉంటాడు.

అందుకని బీమా కట్టబోయే వాళ్లందరికీ నేను చెప్పేదొకటే. పాలసీ కాగితం మీద సంతకం పెట్టే ముందు ఏజెంటుని పరీక్షలో ఎన్ని మార్కులని అడగకండి. నువ్వు ఐదేళ్ల కిందట చేయించిన పాలసీల్లో ఇవాళ ఎన్ని నడుస్తున్నాయని అడగండి. హైదరాబాద్‌లో ఉన్న పెద్దలకీ ఇదే మనవి: పరీక్ష ఫలితాలు ఊరూరా ప్రకటించండి, ప్రతి ఏజెంటు పేరు పక్కన ఆ 61వ నెల అంకె కూడా వేయించండి.