మీటింగు తప్పించుకోవడం ఎలా? అనుభవజ్ఞుడి చిట్కాలు

మందు మానాలనుకునేవాళ్లు ఒకచోట కూర్చుని మాట్లాడుకునే మీటింగులు మన దగ్గరా ఉన్నాయి. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఆల్కహాలిక్స్ అనానిమస్ గ్రూపులు నడుస్తున్నాయి. ఫీజు లేదు, హాజరు పట్టీ లేదు, ఇంటిపేరు అడగరు. మానాలన్న కోరిక ఉంటే చాలు, రానిస్తారు. ఇంత సులువుగా దొరికేదాన్ని తప్పించుకు తిరగాలంటే మామూలు తెలివితేటలు చాలవు. నేను తొమ్మిదేళ్లు తిరిగాను కాబట్టి చెబుతున్నాను, వినండి.

అన్నిటికంటే ముందు, అడ్రసు తెలిసినవాళ్లను అడక్కండి. మత్తు మానాలనుకునేవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం 14446 అని ఒక టోల్‌ఫ్రీ నంబరు పెట్టింది. దానికి ఫోన్ చేశారంటే ఎవరో ఒకరు దారి చెప్పేస్తారు, వ్యవహారం చెడుతుంది. సాయంత్రం ఏడింటికి వైన్స్ ముందు ప్లాస్టిక్ గ్లాసులు, వాటర్ ప్యాకెట్లు అమ్మే కుర్రాణ్ని అడగండి. "నీకెందుకన్నా అవన్నీ? నువ్వేమన్నా తాగుబోతువా?" అంటాడు. ఆ సర్టిఫికెట్టు మడిచి జేబులో పెట్టుకోండి. నాకు రెండేళ్లు పనికొచ్చింది.

ఇంట్లో గొడవ మరీ ముదిరితే మాల వేసుకోండి. 41 రోజులు చన్నీళ్ల స్నానం, నేల పడక, చుక్క ముట్టరు. నిన్నటిదాకా మొహం తిప్పుకున్న వీధి వీధంతా "స్వామీ" అని పిలుస్తుంది. ఇందులో అయ్యప్ప తప్పేమీ లేదు, తప్పంతా మన లెక్కలో ఉంది. నేను దీక్షకు ముందురోజే ఒక క్వార్టరు కొని, బీరువాలో పాత పంచెల కింద పెట్టాను. అది అక్కడ ఉందన్న ధైర్యంతోనే 41 రోజులూ నిష్ఠగా గడిచాయి. కొండ నుంచి వచ్చి మాల తీసిన సాయంత్రం, "చూశావా, తలుచుకుంటే మానగలను" అని మా ఆవిడకు రుజువు చేసి, ఆ ఆనందంలో మూత తీశాను.

మీటింగు చర్చి గదిలో అయితే మతం మారుస్తారని భయపడండి. స్కూలు గదిలో అయితే పిల్లాడి టీచరు చూస్తుందని సిగ్గుపడండి. రెండూ కాకపోతే "అది అమెరికా వాళ్ల పద్ధతి, మనకు పడదు" అనేయండి. పుట్టింది అక్కడేలెండి. 1935లో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ అనే ఊళ్లో బిల్ అనే షేర్ల దళారీ, బాబ్ అనే సర్జను కలిసి మొదలుపెట్టారు. బిల్ అప్పటికే కొన్ని నెలలుగా ముట్టడం లేదు. బాబ్ మాత్రం మానినట్టే మాని, డాక్టర్ల సమావేశానికని వేరే ఊరెళ్లి ఒళ్లు తెలియకుండా తాగొచ్చాడు. ఆ తర్వాత ఆపరేషన్ చేయాల్సిన రోజు పొద్దున, చేతులు వణక్కుండా ఉండడానికి ఒక బీరు చేతికిచ్చినవాడు బిల్లే. బాబ్ తాగిన ఆఖరి మందు అదే. ఆ జూన్ 10నే సంస్థ పుట్టినరోజుగా లెక్కేస్తారు. ఈ కథ మీరు వెంటనే మర్చిపోవాలి. గుర్తుంటే, మానేసి మళ్లీ తాగిన మర్నాడు "ఇంక ఏ మొహం పెట్టుకుని వెళ్లను?" అని మనం వేసే బ్రహ్మాస్త్రం తుస్సుమంటుంది.

ఖర్మ కాలి వెళ్లారే అనుకోండి. ధైర్యానికి ఒక పెగ్గు వేసుకుని వెళ్లండి. తలుపు పక్క కుర్చీలో కూర్చోండి. ఒక్కొక్కరూ చెప్పేది వింటూ మీకంటే అధ్వాన్నంగా ఉన్నవాణ్ని వెతుక్కోండి. "వీడు కూతురి కాలేజీ ఫీజు తాగాడు, నేను తాగింది చీటీ డబ్బులే కదా!" ఎవరైనా అచ్చం మీ కథే చెబుతుంటే ఫోన్ వచ్చినట్టు లేచి బయటికి నడవండి. తాగేవాళ్ల ఇంట్లోవాళ్లకు అల్-అనాన్ అని వేరే మీటింగులుంటాయి. ఆ సంగతి మాత్రం ఇంట్లో పొక్కనివ్వకండి. ఆవిడ అక్కడికి వెళ్లడం మొదలుపెడితే, సోమవారం పొద్దున మీ ఆఫీసుకు ఫోన్ చేసి "ఆయనకు జ్వరమండీ" అని చెప్పేదెవరు?

ఒక్కదానికి మాత్రం వెటకారం ఆడలేను. రోజూ బాగా తాగేవాళ్లు పౌరుషానికి పోయి, డాక్టరును కలవకుండా ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. మా చిన్నాన్న మూడో రోజు దుప్పటి మీద లేని చీమల్ని ఏరుతుంటే మేమంతా నవ్వాం. ఆ రాత్రికి ఆసుపత్రిలో మంచానికి కట్టేసి ఉంచారు. "తాగేవారికి తెలియకుండా మాన్పిస్తాం" అనే గోడ రాతలు చూసి కూరలో మాత్రలు కలపడం కూడా అంతే ప్రమాదం. కొన్ని మందుల మీద ఆల్కహాలు పడితే మనిషి అక్కడికక్కడే కూలిపోవచ్చు.

నా తొమ్మిదేళ్ల రికార్డు ఒక గురువారం చెడింది. ఫోన్ చెవికి ఆనించుకుని "ఆ, వస్తున్నా, వస్తున్నా" అంటూ వరండాలోకి వచ్చాను. అక్కడ ఒక పెద్దాయన బకెట్లో టీ గ్లాసులు కడుగుతున్నాడు. తలెత్తకుండానే అన్నాడు: "నాకూ నాలుగుసార్లు ఇలాగే ఫోన్లొచ్చాయి బాబూ. టీ తాగి వెళ్లు."

ఆ టీలో పంచదార మరీ ఎక్కువైంది. ఇప్పుడు గురువారాలు ఆ గ్లాసులు కడిగేది నేనే.