కార్డు ఎవరికిచ్చారు?

మీకూ ఈ బలహీనత ఉండే ఉంటుంది కాబట్టి దాచకుండా చెబుతున్నాను. మొదటి క్రెడిట్ కార్డు చేతికొచ్చిన రోజు, ఊరు ఊరంతా కదిలొచ్చి నాకు శాలువా కప్పినంత పొంగిపోయాను.

ఆఫీసు కింద గొడుగేసుకుని కూర్చున్న కుర్రాడు నన్నడిగింది జీతం స్లిప్పులు, పాన్, ఆధార్. అప్పు తీర్చే మనిషినా కాదా అని అడగలేదు. పాతికేళ్లు దాటిన వయసు, హైదరాబాద్ అడ్రసు, ఒకటో తారీఖున పడే జీతం చూసి కార్డిచ్చారు. నేను మాత్రం నన్ను చూసే ఇచ్చారనుకున్నాను.

ఆ ఊపులో, టిఫిన్ బండి నడిపే మా పిన్నితో "నీకిది ఇవ్వరు పిన్నీ, దానికో అర్హత ఉండాలి" అన్నాను. డ్వాక్రా అప్పు ఒక్క వాయిదా తప్పకుండా తీర్చిన మనిషితో! "అలాగా నాన్నా" అని ఇంకో రెండిడ్లీలు వేసింది.

ఇక చూడండి. కొత్త ఫోను కొన్నాను, స్నేహితులందరి బిల్లూ నేనే కడతానన్నాను, గోవా టిక్కెట్లు తీశాను, అరవై వేల బిల్లొచ్చింది, కనీసం మూడు వేలు కడితే చాలన్నారు, ఎంత మంచివాళ్లో అనుకుని అంతే కట్టాను! నెలకు మూడున్నర శాతం వడ్డీ, అంటే ఏడాదికి 42. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. నేను కట్టిన మూడు వేలలో రెండు వేల పైచిలుకు వాటికే పోయింది. చివరికి పిన్నే చీటీ పాడి ఆదుకుంది. ఎందుకని ఒక్క మాట అడగలేదు.

కార్డు లేనిది పిన్ని ఒక్కదానికే కాదు. 2024 మొదట్లో మన దేశంలో క్రెడిట్ కార్డులు పది కోట్లు దాటాయి. డెబిట్ కార్డులు అప్పటికే తొంభై కోట్ల పైన. ఒక్కొక్కరి జేబులో రెండు మూడు క్రెడిట్ కార్డులుంటాయి కనుక అవి ఉన్న మనుషులు ఇంకా తక్కువే. మిగిలినవాళ్లంతా అప్పు ఎగ్గొట్టేవాళ్లా? కాదు. రోజువారీ అమ్మకానికి జీతం స్లిప్పు రాదు, అంతే. ఫిక్స్‌డ్ డిపాజిట్ పెడితే కార్డిస్తామంటారు. డిపాజిట్ చేసేంత డబ్బు మిగిలితే కదా!

పిన్ని కట్టిన వాయిదాలు సంఘం పుస్తకంలో వరసగా ఉన్నాయి. అప్పు సంఘం పేరునే ఉన్నా, తీర్చింది ఆమె కష్టం. జీతం స్లిప్పుకిచ్చే విలువ ఆ పుస్తకానికీ ఇవ్వాలి. కార్డు పిన్ని తీసుకుంటుందో లేదో ఆమె ఇష్టం. అర్హత లేదనే మాట మాత్రం ఆమెతో ఇక ఎవరూ అనకూడదు, ముఖ్యంగా నేను.